ఒక పౌను గింజలు

చెన్నైలో ఉద్యోగం చేసిన తెలుగువాళ్ళకి బకింగ్‌హాం కాలువని కొత్తగా పరిచయం చెయ్యక్కర్లేదు. ఎంఆర్‌టీఎస్ రైలెక్కి టైడల్ పార్క్‌కి వెళ్ళే ప్రతివాడూ దాని పక్కనుంచే పోతాడు, ముక్కు మూసుకుని. నేనూ రెండేళ్ళు అలాగే తిరిగాను. ఇది ఎవరు తవ్వారు, ఎందుకు తవ్వారు అన్న అనుమానం ఒక్కరోజు కూడా రాలేదు.

కాలువలో చాలా భాగం అంతకుముందుదే. నగరం మధ్యలో అడయారుని, కూవాన్ని కలిపే ఐదు మైళ్ళ ముక్క మాత్రం 1877-78లో కరువు పనిగా తవ్వించారు. మన ముత్తాతల నోళ్ళలో ధాత కరువుగా మిగిలిన కరువు అదే. ధాత నామ సంవత్సరం, అంటే 1876లో వానలు మొహం చాటేశాయి. మద్రాసు ప్రెసిడెన్సీలో బళ్ళారి, కర్నూలు, కడప జిల్లాలు బాగా దెబ్బతిన్నాయి (అనంతపురం అప్పటికి బళ్ళారిలో భాగమే). కర్నూలు జిల్లాలో 1871 లెక్కల్లో తొమ్మిది లక్షలు దాటిన జనం 1881 నాటికి ఏడు లక్షల లోపుకి పడిపోయారు. అందరూ చనిపోయారని కాదు, వలస పోయినవాళ్ళూ ఉన్నారు. అయినా ఆ రెండు అంకెల్నీ పక్కపక్కన చూస్తే ఒళ్ళు జలదరిస్తుంది.

వానలు పడలేదు కాబట్టి జనం పోయారు, ఇందులో ఎవరినీ అనేదేముంది అని మొదట్లో నేనూ అనుకున్నా. చదివేకొద్దీ అర్థమయ్యిందేంటంటే, గింజలు లేక కాదు. గోదావరి, కృష్ణా డెల్టాల్లో పంట ఉంది. రైళ్ళు ఉన్నాయి, టెలిగ్రాఫ్ ఉంది. 1877-78లో దేశం నుంచి ఇంగ్లండుకి గోధుమలు ఎగుమతి అవుతూనే ఉన్నాయి. లేనిదల్లా కూలివాడి చేతిలో ఆ గింజలు కొనే డబ్బు. అమర్త్య సేన్ తర్వాత 1981లో పుస్తకం రాసి సిద్ధాంతం చేసింది కూడా దాదాపు ఈ విషయమే.

ఇక్కడ నన్ను బాగా పట్టుకున్న మనిషి సర్ రిచర్డ్ టెంపుల్.

అంతకు మూడేళ్ళ ముందు, 1873-74లో, బీహారులో కరువొచ్చింది. అప్పుడు సహాయం నడిపించినవాడు ఈయనే. బర్మా నుంచి సుమారు నాలుగున్నర లక్షల టన్నుల బియ్యం తెప్పించి పంచారు. ఆకలి చావులు దాదాపు లేవు. మామూలుగా అయితే చప్పట్లు కొట్టాలి కదా! జరిగింది వేరు. ఇంత ఖర్చా, ఎవరూ చావలేదంటే అసలు కరువే లేదన్నమాట, డబ్బు తగలేశారు అని లండన్ నుంచి కలకత్తా దాకా దుమ్మెత్తిపోశారు. (వై2కె గుర్తొస్తోందా? రాత్రింబవళ్ళు కోడ్ సరిచేశాక జనవరి 1న ఏమీ కూలలేదు. అంతా ఉత్త హడావిడి అన్నారు. పని సరిగ్గా చేసినందుకు దొరికే బహుమతి అది.)

టెంపుల్ ఆ పాఠం బాగా ఒంటపట్టించుకున్నాడు. 1877 జనవరిలో వైస్రాయ్ లిట్టన్, మద్రాసు ఖర్చు మీద కన్నేసి ఉంచమని ఆయన్నే పంపాడు. విక్టోరియా రాణిని భారత చక్రవర్తినిగా ప్రకటించే ఢిల్లీ దర్బారు ముగిసింది కూడా ఆ నెలలోనే. అప్పటికే మద్రాసు గవర్నరు డ్యూక్ ఆఫ్ బకింగ్‌హాం ముప్ఫై వేల టన్నుల గింజలు గుట్టుగా కొని చీవాట్లు తిన్నాడు. మార్కెట్ జోలికి పోకూడదట. టెంపుల్ వచ్చీ రాగానే పనుల దగ్గర కూలి తగ్గించాడు. మగవాడికి రోజుకి ఒక పౌను గింజలు, పైన కాస్త చిల్లర. పౌను అంటే 450 గ్రాములు, సుమారు 1600 కేలరీలు. రోజంతా ఎండలో మట్టి తవ్వేవాడికి! ఇవాళ ప్రపంచ ఆహార సంస్థ అత్యవసర సహాయానికి సగటున మనిషికి 2100 కేలరీలు లెక్కేస్తుంది, అదీ కూర్చున్నవాళ్ళని, పిల్లల్ని కూడా కలిపి.

ఆ పౌను అన్న అంకె ఒంటి అవసరాన్ని కొలిచి వచ్చింది కాదు, ఖజానాని చూసి వచ్చింది. ఆ మాట అప్పుడే మొహం మీద చెప్పినవాడూ ఒకడున్నాడు. మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్. కనీసం పౌనున్నర గింజలు, పైన పప్పు, కూరలు ఉండాలని, ఈ కూలితో మనుషులు చిక్కి శల్యమైపోతారని వాదనకి దిగాడు. బొంబాయి వైపు ఇదే కూలికి కూలీలు పనులు మానేసి కూర్చున్నారు. కొద్ది నెలలకి మద్రాసు ప్రభుత్వం పౌనుంపావుకి పెంచి కాస్త పప్పు కలిపింది, అంటే కార్నిష్ అడిగినదాంట్లో సగం దారికి వచ్చింది. ఈలోపు ఎంతమంది పోయారో! బ్రిటిష్ ఏలుబడిలోని ప్రాంతాల్లో మొత్తం చావులు 50 లక్షలు దాటాయని తర్వాత వేసిన కమిషనే ఒప్పుకుంది. ఇంకా ఎక్కువన్న చరిత్రకారులున్నారు.

ఆ కమిషన్ 1880లో నివేదిక ఇస్తే 1883లో కరువు కోడ్ వచ్చింది. ధరలు ఎంత పెరిగితే, జనం ఊళ్ళు వదిలి ఎలా తిరుగుతుంటే ఎప్పుడు కదలాలో అధికారులకి రాసిచ్చిన పుస్తకం. ఇప్పుడు ఐక్యరాజ్యసమితి సంస్థలు వాడే ఐపీసీ కొలబద్దకి ఇది తాతలాంటిది. ఐపీసీ 2004లో సోమాలియాలో మొదలైంది. అందులో ఐదు దశలు. ఐదోది కరువు అనాలంటే ఐదింట ఒక ఇంట్లో తిండి దాదాపు లేకపోవాలి, 30 శాతం పిల్లలు తీవ్రంగా చిక్కిపోవాలి, రోజుకి పదివేల మందికి ఇద్దరు చావాలి. అంటే ఆ మాట వాడే సమయానికే చాలామంది పోయుంటారు. 2024 ఆగస్టులో సూడాన్‌లో జంజం శిబిరానికి ఆ మాట వాడారు, 2025 ఆగస్టులో గాజా నగర ప్రాంతానికి. 2024లో 53 దేశాల్లో 29 కోట్ల పైచిలుకు జనం తీవ్రమైన ఆకలిలో ఉన్నారని ఏటా వచ్చే ప్రపంచ నివేదిక చెప్పింది. అలారం మన దగ్గర చాలా బాగా పనిచేస్తోంది. మోగాక కదలాలని ఎవరినీ కట్టిపడేసే చట్టం మాత్రం లేదు.

అన్నట్టు, టెంపుల్‌కి ఏమయ్యిందంటారా? అదే 1877లో బొంబాయి గవర్నరయ్యాడు. మరుసటేడు మన కాలువకి డ్యూక్‌గారి పేరు పెట్టారు.