మోట పోయి కరెంటొచ్చింది: సబ్‌స్టేషన్ చరిత్రను వాడ నుంచి చదవడం

పల్లెల్లో కరెంటు చరిత్రను ఇంతవరకు ప్రగతి లెక్కలుగానే రాశారు. ఎన్ని సబ్‌స్టేషన్లు కట్టారు, ఎన్ని పంపుసెట్లకు లైనిచ్చారు, ఎన్ని గ్రామాలు వెలిగాయి - ఇంతే. ఆ కరెంటు ఎవరి చేనుకు ముందు పోయింది, ఎవరి ఇంటికి ఆఖరున వచ్చింది, ఎవరి పనిని ఊడగొట్టింది అన్న ప్రశ్నలు అందులో లేవు. తెలంగాణ మెట్ట పల్లెల గురించి ఈ ప్రశ్నలు అడిగి తీరాలె.

కరెంటుకు ముందు ఇక్కడ బాయి నీళ్లు మోటతో పారేవి. లందలో తోలు నానబెట్టి తొండం కుట్టింది, చినిగితే అతుకేసింది మాదిగలు. అందుకు కళ్లం కాడ గింజలు మేరగా వచ్చేవి. చాలీచాలని మేర అది. దాని వెనక వెట్టి ఉంది, అంటరానితనం ఉంది. అయినా మాదిగ చెయ్యి పడకుండా మోట నడవలేదు.

1959లో ఆంధ్రప్రదేశ్ విద్యుత్ బోర్డు, 1969లో కేంద్ర గ్రామీణ విద్యుదీకరణ సంస్థ వచ్చాయి. 33 కేవీ లైను సబ్‌స్టేషన్‌లో 11 కేవీకి దిగి, ఫీడర్ల మీదుగా ట్రాన్స్‌ఫార్మర్లకు, అక్కణ్ణుంచి మోటర్లకు చేరింది. మోటరుకు బాయి ఉండాలె, బాయికి భూమి ఉండాలె. భూమి లేని మాల మాదిగలకు ఆ లైనుతో ఏం పని? మోట మూలకు పడ్డది, మేర పోయింది. పాత కులవృత్తి పోతే పోనీ, మంచిదే. కాని కొత్త యంత్రంలో వాటా రాలేదు. జీతగాడికి దొరికిందల్లా, రాత్రి వంతు త్రీఫేజ్ వచ్చినప్పుడు చీకట్లో పురుగుబూసి మధ్య పోయి మోటర్ వేసుడు. తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల సరఫరా 2018 జనవరి 1న గాని మొదలు కాలేదు.

సర్కారు నిర్వచనమే దీనికి సాక్ష్యం. 1997 దాకా రెవెన్యూ గ్రామ హద్దుల్లో ఏ పనికి కరెంటు వాడినా ఆ ఊరు మొత్తం విద్యుదీకరణ అయినట్టే లెక్క. పటేలు బాయి మీద ఒక్క మోటరు తిరిగితే చాలు, మాదిగవాడ దీపం బుడ్డితో ఉన్నా ఊరు 'వెలిగినట్టే'. 1997లో నివాస ప్రాంతంలో కరెంటు ఉండాలని మార్చారు. దళితవాడలో కూడా లైను, ట్రాన్స్‌ఫార్మర్ వంటి ఏర్పాట్లు ఉండాలని, కనీసం పదిశాతం ఇళ్లకు కరెంటు ఉండాలని రాసింది 2004లో! అంటే స్వాతంత్ర్యం వచ్చిన 57 ఏళ్లకు గాని వాడ ఊరి లెక్కలోకి రాలేదు. 1988-89లో మొదలైన కుటీర్ జ్యోతి పేదల గుడిసెకు ఒక్క బల్బు ఇచ్చింది. ఊరి ట్రాన్స్‌ఫార్మర్ నుంచి లాగిన తీగ చివర వాడ ఉంటే, వోల్టేజీ పడిపోయి ఆ బల్బూ గుడ్డిగానే వెలుగుతుంది.

2004లో ఇచ్చిన వ్యవసాయ ఉచిత విద్యుత్తు కూడా పంపుసెట్టు ఉన్నవాళ్లకే అందింది. భూమి పంచకుండా పంచిన కరెంటు భూమి ఉన్నవాడి దగ్గరికే పోతుంది.

1942-46లో వైస్రాయ్ కౌన్సిల్‌లో లేబర్ సభ్యుడిగా విద్యుత్ విధానాన్ని చూసింది అంబేద్కరే. చౌకగా, పుష్కలంగా కరెంటు లేకుండా పరిశ్రమలు రావని, పరిశ్రమలు రాకుండా జనం పేదరికం నుంచి బయటపడరని 1943లో వాదించారు. ఆయన కోరిన కరెంటు మనిషిని పాత బతుకు నుంచి విడిపించేది. మన పల్లెల్లో అది పాత భూసంబంధాల మీదుగా తీగలు లాక్కుంది.

అందుకే మన విద్యార్థులు సబ్‌స్టేషన్ రికార్డుతోనే ఆగకూడదు. వాడలో మొదటి స్తంభం ఏ ఏడు పాతారో, ఏ ట్రాన్స్‌ఫార్మర్ నుంచి తీగ లాగారో, తొండం కుట్టిన చేతులు తర్వాత ఏ పనికి పోయినయో ముసలివాళ్లను అడిగి రాయాలె. వాళ్లు ఉండగానే రాయాలె.