పచ్చి ఇటుకల మేడ

అరబ్బీ నేర్చుకునే పిల్లలకు మేము తొలిరోజుల్లో చెప్పే పాఠాలలో హురూఫె షమ్సీ ఒకటి. "అల్" తరువాత ఆ అక్షరాలలో ఏది వచ్చినా "ల్" పలకదు. అందుకే అల్-తూబ్ అని వ్రాసి అత్తూబ్ అని చదువుతాము. తూబ్ అంటే ఇటుక. ఈ మాట అరబ్బులకు ఈజిప్టులో దొరికింది; అక్కడి కోప్టు భాషలో అది 'తోబె'. అరబ్బుల వెంట అందలుస్ చేరి, స్పెయిన్ వారి నోట 'అదోబె' అయి, వారి ఓడలెక్కి అమెరికా ఖండం చేరింది. ఎండబెట్టిన పచ్చి ఇటుకకూ, దానితో కట్టిన ఇంటికీ కూడా అక్కడ నేటికీ అదే పేరు.

కాలిఫోర్నియా రాష్ట్రంలో చారిత్రక స్థలాలకు 1932 నుంచి నంబర్లు వేస్తున్నారు. జాబితా వెయ్యి దాటింది. చాలాచోట్ల కంచుపలక ఉంటుంది. సెలవురోజున ఈ పలకలు వెతుక్కుంటూ తిరగడం అక్కడ కొందరికి సరదా. పలక పక్కన నిలబడి ఫోటో తీసుకుని, నంబరు రాసుకుని, ఇంకో ఊరికి పోతారు. అక్కడ స్థిరపడిన మా తమ్ముడికీ ఆ పిచ్చి పట్టింది. మేము వెళ్ళినప్పుడు 18వ నంబరు చూపించాడు. అదే పెటలూమా అడోబీ.

అప్పటికి ఆ దేశం మెక్సికో ఏలుబడిలో ఉన్నది. సైన్యాధికారి మరియానో వయేహో 1836 ప్రాంతంలో ఈ రెండంతస్తుల మేడ కట్టడం మొదలుపెట్టాడు. ఆయన జాగీరు 66,000 ఎకరాల వరకు పెరిగింది. పశువుల తోళ్ళు, కొవ్వు ఓడలవారికి అమ్మడమే ముఖ్యమైన వ్యాపారం. 1846లో సొనోమాలో అమెరికన్లు తిరగబడి ఆయననే ఖైదు చేశారు. మేడ పని అక్కడితో ఆగింది. 1857లో ఆయన దానిని అమ్మివేశాడు.

గోడలు మూడడుగుల మందం. బంకమట్టిలో నీళ్ళు పోసి, గడ్డి కలిపి, కాళ్ళతో తొక్కి, చట్రంలో పోసి ఎండలో పెడతారు. గడ్డి లేకపోతే ఎండేటప్పుడు ఇటుక బీటలు వారుతుంది. మన పల్లెల్లో మట్టిగోడ పెట్టిన పెద్దలకు ఇది చెప్పనక్కరలేదు. లోపలికి అడుగుపెడితే చల్లగా ఉంటుంది. దీనికి శత్రువు వాన. అందుకే చుట్టూ వెడల్పైన వరండాలు వేసి, చూరు బాగా ముందుకు దించారు. అయినా పట్టించుకునేవారు లేని ఏళ్ళలో దాదాపు సగం మేడ కరిగి మట్టిలో కలిసింది. 1910లో ఒక స్థానిక సంఘం కొని మరమ్మతు చేయించింది. 1951లో రాష్ట్ర ప్రభుత్వం చేపట్టింది.

మరి ఆ మట్టి తొక్కిందెవరు? జనరల్ గారు కాదు గదా! కోస్ట్ మీవాక్, పోమో వంటి తెగల ఆదివాసులు. కొందరు తిండి కోసం, సరుకుల కోసం వచ్చారు. కొందరిని పట్టి తెచ్చారు. 1837-38లో మశూచి వచ్చి ఆ ప్రాంతపు ఆదివాసులను ఊళ్ళకు ఊళ్ళుగా తుడిచిపెట్టింది. ఇలాంటి పలకల మీద సాధారణంగా కట్టించినవారి పేరే ఉంటుంది. నంబరు రాసుకుని వెళ్ళిపోయేవారికి అంతకుమించి తెలియదు. కాస్త ఆగి గోడ దగ్గరగా చూస్తే, ఇటుకలో గడ్డిపరకలు కనిపిస్తాయి. మేము అక్కడే ఎక్కువసేపు నిలబడ్డాము. తమ్ముడు కారు దగ్గర నుంచి రెండుసార్లు పిలిచాడు.

ఇప్పుడు అక్కడికి బడిపిల్లలు వస్తారు. పాదరక్షలు విప్పి మట్టి తొక్కి, గడ్డి కలిపి ఇటుకలు కోస్తారు.