గణన యంత్రము చుట్టు చేరినవారు

రేడియోలో పలికిన మాట పలికిన క్షణముననే గాలిలో కలిసిపోవును. అందుచేతనే ప్రసంగములలో కొన్నింటిని అచ్చువేసి ఈ పుటలలో అందించు ఆచారము ఏర్పడినది. వినినవారు మరల చదువుకొందురు. వినలేకపోయినవారు ఇప్పుడైనను తెలిసికొందురు. మాటకు అచ్చు తోడు, అచ్చునకు మాట తోడు. ఈ రెంటి జతను గూర్చి ఆలోచించుచుండగా మాకొక చరిత్ర జ్ఞప్తికి వచ్చినది. అది కంప్యూటరు యంత్రములను నిర్మించినవారి చరిత్ర కాదు. యంత్రమును తెచ్చుకొని, దానిని ఎట్లు వాడవలెనో తెలియక, ఒకచోట గుమిగూడి, ఒకరినొకరు అడిగి తెలిసికొన్నవారి చరిత్ర. వారి సమావేశములనుండి పుస్తకములు పుట్టినవి. ఆ పుస్తకములనుండి మరల సమావేశములు పుట్టినవి. ఆ వృత్తాంతమునే నేడు పాఠకుల ముందుంచుచున్నాము.

1950 దశకమున కంప్యూటరు అనగా ఒక గది నిండు వస్తువు. 1954లో ఐ.బి.ఎం. సంస్థ 704 అను యంత్రమును ప్రకటించినది. నెలకు వేలకొలది డాలర్లు అద్దె చెల్లించి దానిని వాడుకొనెడివారు. కాలిఫోర్నియాలోని విమాన నిర్మాణ సంస్థలకు తమ లెక్కలకై ఇట్టి యంత్రములు అత్యవసరమైనవి. అయితే యంత్రముతోపాటు వచ్చు ప్రోగ్రాములు, అనగా దానిచేత పని చేయించు ఆదేశక్రమములు, బహు స్వల్పము. చిన్న గణితపు పనికి కూడ ఎవరి ఆదేశములను వారే వ్రాసికొనవలసి వచ్చెడిది. వీథికి ఆవలివైపుననున్న సంస్థలో అదే పనిని అదే నెలలో మరియొకరు చేయుచుందురు. ఒకే ఊరిలో ప్రతి ఇంటివారును ఎవరి బావిని వారే త్రవ్వుకొన్నట్లుండెను ఆ స్థితి.

ఈ వృథా శ్రమను చూచి విసిగినవారు 1955 ఆగస్టులో శాంటా మోనికాలోని రాండ్ సంస్థ కార్యాలయమున సమావేశమైనారు. వ్యాపారములో వారిలో పలువురు పరస్పరము పోటీదారులు. ఒకరి విమానము కన్న మరియొకరి విమానము ముందు అమ్ముడుపోవలెనని పాటుపడువారు. అట్టివారు ఒక బల్ల చుట్టు కూర్చుండి, మన విమానముల రహస్యములు మనవే, లెక్క చేయు విధానమును మాత్రము పంచుకొందమని నిశ్చయించుకొన్నారు. సంఘమునకు ‘షేర్’ అని పేరు పెట్టుకొన్నారు; ఆంగ్లమున ఆ మాటకు పంచుకొనుట యని యర్థము. 704 యంత్రము వారి గదులలోనికి ఇంకను రాకమునుపే ఈ సంఘము ఏర్పడినది. రానున్న కష్టమును ముందుగా గుర్తించిన వివేకము అది.

వారు చేసిన మొదటి పనులలో ఒకటి, ఆదేశములను వ్రాయుటకు అందరికిని ఉమ్మడియైన ఒక పద్ధతిని ఎన్నుకొనుట. యునైటెడ్ ఎయిర్‌క్రాఫ్ట్ సంస్థలో రాయ్ నట్ అను నిపుణుడు రచించిన అసెంబ్లరు ప్రోగ్రామును సంఘమువారు ప్రమాణముగా స్వీకరించినారు. తమ తమ పద్ధతులను వదలుకొనుట ఎవరికిని సుఖము కాదు. కాని అందరి వ్రాత ఒక్కటైనగాని ఒకరు వ్రాసినది మరియొకరికి పనికిరాదు. నాటినుండి ఎవరు ఏ ప్రోగ్రాము వ్రాసినను దానికి వివరణ జతపరచి సంఘమునకు పంపుట, సంఘము దానిని సభ్యులందరికిని అందజేయుట వాడుక యైనది. ఆ వివరణ పత్రములే ఈ రంగమున మొదటి తరము సాంకేతిక గ్రంథములని చెప్పవచ్చును. వాటిని వ్రాసినవారు గ్రంథకర్తలమని తలపలేదు. పక్క సంస్థవాడు మరల తడబడకుండవలెనని మాత్రమే తలచినారు.

ఈ దారిని మరికొందరు పట్టినారు. డిజిటల్ ఎక్విప్‌మెంట్ సంస్థ యంత్రములను వాడువారు 1961లో ‘డీకస్’ అను సంఘమును స్థాపించుకొని, ప్రోగ్రాముల గ్రంథాలయమును నడిపినారు. ఊరూర పఠన మందిరములను నెలకొల్పిన మన గ్రంథాలయోద్యమమును ఎరిగినవారికి ఈ పద్ధతి కొత్తగా తోచదు. 1969 జూన్ వరకు ఐ.బి.ఎం. తన ప్రోగ్రాములను యంత్రముతో కలిపియే ఇచ్చెడిది. ఆ నెలలో ప్రోగ్రాములకు వేరుగా వెల నిర్ణయింతుమని ప్రకటించినది. అంతవరకు పంచుకొను వస్తువుగానున్నది అమ్ముకొను సరకు కూడ కాజొచ్చినది. తరువాతి కథ యంతయు ఈ రెంటి మధ్య నడచిన పెనుగులాట.

మన దేశమున కూడ ఆరంభము ఇట్టిదే. 1963లో కాన్పూరు ఐ.ఐ.టి.కి ఐ.బి.ఎం. 1620 యంత్రము వచ్చినది. అచ్చటి ఆచార్యులు దానిని తమ విద్యార్థులకే పరిమితము చేయక, బయటి శాస్త్రజ్ఞులకును ఇంజనీర్లకును కొలది దినముల శిక్షణ తరగతులు నడిపినారు. ఆ ఆచార్యులలో ఒకరైన వి. రాజారామన్ రచించిన పాఠ్యగ్రంథములు తరువాతి కాలమున దేశమందలి ఎందరో విద్యార్థులకు మొదటి గురువులైనవి. కంప్యూటరు వాడువారి చిన్న బృందమొకటి తమ పనులకు ఒక రూపము కల్పించుకొనదలచినప్పుడు, 1965లో కంప్యూటర్ సొసైటీ ఆఫ్ ఇండియా అవతరించినది. టాటా పరిశోధన సంస్థలో టిఫ్రాక్ యంత్ర నిర్మాణమునకు నాయకత్వము వహించిన ఆర్. నరసింహన్ దానికి తొలి అధ్యక్షులైనారు.

ఇక ఈ చరిత్రలో అన్నింటికన్న ఆసక్తికరమైన పుస్తకము కథకు వత్తము.

అమెరికాలోని బెల్ పరిశోధనాలయమున కెన్ థామ్సన్, డెన్నిస్ రిచీ అను ఇద్దరు 1969లో యూనిక్స్ అను వ్యవస్థకు ప్రారంభము చేసినారు. ఆ పరిశోధనాలయము టెలిఫోను సంస్థకు చెందినది. 1956 నాటి న్యాయస్థాన ఒప్పందము కారణమున ఆ సంస్థ టెలిఫోను వ్యాపారమునకు వెలుపల అడుగిడరాదు. కనుక యూనిక్స్‌ను విశ్వవిద్యాలయములకు నామమాత్రపు రుసుముతో ఇచ్చినది. కాని చెడినచో బాగుచేయుదుమనిగాని, సందేహము తీర్తుమనిగాని మాట ఇయ్యలేదు. ఇచ్చినవారు పలుకనప్పుడు పుచ్చుకొన్నవారు ఒకరితోనొకరు పలుకక తప్పదు. 1974 మే నెలలో న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయమున లూ కాట్జ్ అనునతడు యూనిక్స్ వాడువారిని సమావేశపరచినాడు. వచ్చినవారు ఇంచుమించు రెండు డజనులు. మరుసటి ఏడు వారికొక వార్తాపత్రిక ఏర్పడినది. నేటి యూసెనిక్స్ సంఘము ఆ చిన్న కూటమి సంతానమే.

అదే కాలమున ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయమున జాన్ లయన్స్ అను ఉపాధ్యాయుడు ఒక సంకల్పము చేసినాడు. విద్యార్థులు చిన్న చిన్న కల్పిత ఉదాహరణములతో తృప్తిపడరాదు. నిజముగా పనిచేయు ఒక పెద్ద ప్రోగ్రామును మొదటినుండి తుదివరకు చదువవలెను. అందుకై యూనిక్స్ ఆరవ కూర్పు యొక్క కేంద్రభాగమును, సుమారు 9,000 వరుసలను, క్రమముగా అమర్చి ఒక సంపుటముగాను, దానికి తన వ్యాఖ్యానమును మరియొక సంపుటముగాను 1977 నాటికి సిద్ధపరచినాడు. మన పండితులు మూలమునకు టీకా వ్రాసిన తీరుననే, ఈ వరుస ఏల వచ్చినది, ఈ మాటకు అర్థమేమి, ఇచ్చట కర్త మరియొక విధముగా ఏల వ్రాయలేదు అని ఒక్కొక్క ఘట్టమును విప్పి చెప్పినాడు. మూలమును మెచ్చుకొనుటతో సరిపెట్టక, లోపము తోచినచోట తోచినట్లు చెప్పినాడు.

కాని ఆ పుస్తకమునకు స్వేచ్ఛ దొరకలేదు. మూలము టెలిఫోను సంస్థ సొత్తు గనుక అనుమతి పత్రము ఉన్నవారికే పుస్తకము లభించెడిది. 1979లో వెలువడిన ఏడవ కూర్పు నిబంధనలు మూలమును తరగతిలో పాఠముగా చెప్పుటనే నిషేధించినవి. నిషేధించిన కొలది పుస్తకమునకు గిరాకి పెరిగినది. ఒకరి ప్రతినుండి మరియొకరు ఫోటో నకలు తీసికొన్నారు. నకలుకు నకలు, దానికి మరల నకలు. అక్షరములు మసకబారి చదువరాకుండు వరకు అది చేతులు మారినది. సుమారు ఇరువది సంవత్సరములు ఈ రహస్య జీవనము సాగినది. తుదకు 1996లో హక్కుదారుల అనుమతితో అది బహిరంగముగా అచ్చయినది. 1998లో లయన్స్ కన్ను మూసినాడు. తన పుస్తకము వెలుగులోనికి వచ్చుటను ఆయన కన్నులార చూచినాడనుట మనకు కొంత ఊరట.

ఇంతలో కంప్యూటరు గదినుండి బల్లమీదికి దిగినది. 1975 జనవరిలో ఒక అమెరికా పత్రిక ఆల్టెయిర్ 8800 అను చిన్న యంత్రమును గూర్చి ప్రకటించినది. దాని భాగములను తెప్పించుకొని ఎవరి ఇంట వారు అతికించుకొనవలెను. ఆ ఏడు మార్చి 5వ తేదీన కాలిఫోర్నియాలోని మెన్లో పార్కున, గోర్డన్ ఫ్రెంచ్ అనునతని మోటారు షెడ్డులో ముప్పదిమందికి పైగా ఔత్సాహికులు చేరినారు. హోంబ్రూ కంప్యూటర్ క్లబ్బు అట్లు మొదలైనది. ఆపిల్ యంత్రమును తరువాత నిర్మించిన స్టీవ్ వోజ్నియాక్ ఆనాటి సభలో ఒకడు.

రేడియో గల గృహస్థులకు ఈ క్లబ్బు కథలో ఒక ఘట్టము ప్రత్యేకముగా రుచించును. ఆల్టెయిర్ యంత్రమునకు తెర లేదు, స్వరము లేదు. వెలిగి ఆరు దీపములు మాత్రమే కలవు. 1975 ఏప్రిల్‌లో స్టీవ్ డోంపియర్ అను సభ్యుడు తన యంత్రమును సభకు తెచ్చి, దాని ప్రక్కన ఒక మామూలు రేడియో పెట్టినాడు. మీటలను ఒక్కొక్కటిగా కదల్చి ఆదేశములను ఎక్కించుచుండగా, పిల్లలెవరో విద్యుత్తు తీగ తన్నుకొని పడినారట, ఎక్కించినదంతయు తుడిచిపెట్టుకొనిపోయినది. అతడు ఓపికతో మరల మొదలుపెట్టినాడు. తుదకు రేడియోనుండి బీటిల్స్ బృందమువారి పాట ఒకటి వినవచ్చినది! మెరపు మెరసినప్పుడు మన రేడియోలో చిటపట వినిపించుటకు ఏది కారణమో, ఇచ్చటను అదియే కారణము. యంత్రములోని విద్యుత్ స్పందనములు రేడియోకు చొరబడును. ఒక ఆదేశమును ఎంత వేగముగా తిరిగి తిరిగి చేయించిన ఏ స్వరము పుట్టునో లెక్కకట్టి, చిటపటను సంగీతముగా మార్చినాడు. సభ్యులు లేచి నిలుచుండి చప్పట్లు కొట్టినారు. అతడు ఆ కిటుకును తనలో దాచుకొనక వ్రాసి అచ్చువేయించినాడు.

ఆ క్లబ్బుననే కలహము కూడ పుట్టినది. ఆల్టెయిర్‌కు బిల్ గేట్స్, పాల్ ఆలెన్ మొదలగువారు బేసిక్ భాషను సిద్ధపరచినారు. ఆ ప్రోగ్రాము గల కాగితపు టేపు ఒకటి క్లబ్బు సభ్యుల చేత చిక్కగా, నకళ్లు తీసి పంచిపెట్టినారు. 1976 ఫిబ్రవరి 3వ తేదీన, ఇరువది యేండ్ల గేట్స్ ఔత్సాహికులకు ఒక బహిరంగ లేఖ వ్రాసినాడు. తాము వినియోగించిన యంత్రకాలపు విలువయే 40,000 డాలర్లు దాటినదనియు, వాడువారిలో వెల ఇచ్చినవారు పదింట ఒక వంతు కూడ లేరనియు, ఇది చౌర్యమనియు ఆరోపించినాడు. మేము ఈ లేఖను తేలికగా త్రోసివేయజాలము. వ్రాసినవాని శ్రమకు వెల ఉన్నది. ఆ మాట కటువుగా చెప్పినను నిజమే. అయితే క్లబ్బువారి పక్షమున కూడ ఒక ధర్మము కలదు: ఇరువది యేండ్లుగా ఈ విద్య పంచుకొనుటచేతనే పెరిగినది.

ఈ తగవునకు మంచి సమాధానము చెప్పినవారు వాదించినవారు కారు, పనిచేసినవారు. డెన్నిస్ ఆలిసన్ ‘టైనీ బేసిక్’ అను చిన్న భాషకు రూపురేఖలు గీచి ఒక ప్రజాపత్రికలో ప్రకటించినాడు. చదివినవారు ఎవరి యంత్రమునకు వారు దానిని నిర్మించి, తమ రచనలను మరల పత్రికకు పంపినారు. ఆ కృషికై 1976 జనవరిలో ప్రత్యేకముగా ఒక పత్రికయే వెలసినది. టామ్ పిట్‌మన్ అనునతడు తన టైనీ బేసిక్‌ను 5 డాలర్లకే అమ్మినాడు. ధర న్యాయమైనదైనచో దొంగిలించు పని ఏమున్నదని అతని భావము. రచయితకు ప్రతిఫలము, పాఠకునకు అందుబాటు అను రెండు ధర్మములు ఒకే త్రాసులో తూగుట సాధ్యమని అతడు చూపినాడు.

లయన్స్ పుస్తకము వెలియైన కారణమున మరియొక గ్రంథము పుట్టినది. మూలమును పాఠము చెప్పు వీలు లేకపోగా, ఆమ్‌స్టర్‌డామ్‌లోని ఆచార్యుడు ఆండ్రూ టానెన్‌బామ్ యూనిక్స్‌ను పోలిన మినిక్స్ అను చిన్న వ్యవస్థను స్వయముగా రచించి, 1987లో తన పాఠ్యగ్రంథముతోపాటు ప్రకటించినాడు. ఆ గ్రంథమును చదివిన హెల్సింకి విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్, 1991 ఆగస్టు 25న మినిక్స్ వాడువారి కూటమికి ఒక చిన్న జాబు పంపినాడు: సరదాకు ఒక వ్యవస్థ వ్రాయుచున్నాను, మీకేమి కావలెనో చెప్పుడని దాని సారాంశము. అదియే లినక్స్ ఆయెను. నేడు ఈ పుటను చదువుచున్న ఇండ్లలో ఆండ్రాయిడ్ ఫోను ఉన్నచో, దాని గర్భమున పనిచేయుచున్నది ఆ లినక్సే. నిషేధింపబడిన పాఠము చుట్టు తిరిగి మన అరచేతిలోనికి వచ్చినది.

ఈ చరిత్రనుండి మేము గ్రహించినది ఒక్కటే. పుస్తకము ఒంటరిగా ఉన్నప్పుడు కఠినము. అడుగుటకు మనుష్యుడు లేని పాఠకుడు మూడవ పుటయందే ఆగిపోవును. సమావేశము ఒంటరిగా ఉన్నప్పుడు క్షణికము. సభ ముగిసిన మరునాడు సగము మరచిపోవుదురు. రెండును కలిసినచోటనే విద్య నిలిచినది. నేడు ప్రతి ఇంటను యంత్రము ఉన్నది, వేలకొలది పుస్తకములు తెరమీదనే తెరచుకొనును. కాని తెలియనిదానిని తెలియదని ఒప్పుకొని ప్రక్కవానిని అడుగు వినయము, తెలిసినదానిని దాచక వ్రాసిపెట్టు ఔదార్యము, ఇవి మాత్రము యంత్రముతోపాటు పెట్టెలో రావు. పోటీదారులై యుండియు ఒక బల్ల చుట్టు కూర్చుండినవారు, చెరిగిపోయిన పాటను మరల మొదటినుండి ఎక్కించినవాడు, తొమ్మిదివేల వరుసలకు టీకా వ్రాసిన ఉపాధ్యాయుడు వాటిని మనకు మిగిల్చిపోయినారు.