మైక్రోఫిల్మ్ ఆయుర్దాయం

1929 మే 15న అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్ నేలమాళిగలో నిల్వచేసిన ఎక్స్‌రే ఫిల్ములు అంటుకున్నాయి. మంటలకన్నా వాటినుంచి వెలువడిన విషవాయువులే ఎక్కువమందిని బలిగొన్నాయి. మృతుల సంఖ్య 120 దాటింది. ఆ ఫిల్ముల మూలపదార్థం సెల్యులోజ్ నైట్రేట్. తుపాకిమందుకు దగ్గరి చుట్టం. దాని స్థానంలో వచ్చిన సెల్యులోజ్ ఎసిటేట్‌కు ‘సేఫ్టీ ఫిల్మ్’ అని పేరు. గ్రంథాలయాల మైక్రోఫిల్మ్ దశాబ్దాలపాటు దీనిమీదే నడిచింది. అది సులభంగా అంటుకోదు, నిజమే. చిరకాలం మన్నుతుందని మాత్రం ఆ పేరు ఎక్కడా చెప్పదు.

1948లో కోడాక్ సంస్థ ట్రైఎసిటేట్ ఫిల్మును తెచ్చింది. పదేళ్లు తిరగకముందే అది చెడిపోతున్నదని తొలి సమాచారం అందింది. పంపినది భారత ప్రభుత్వం. వేడీ తేమా కలిసిన మన గదుల్లో ఫిల్ము తొందరగా ముసలిదైంది. తేమ తగిలినప్పుడు ఎసిటేట్ అణువునుంచి ఎసిటిక్ ఆమ్లం విడుదలవుతుంది. ఆ ఆమ్లమే మిగిలిన అణువుల విచ్ఛేదాన్ని వేగిరపరుస్తుంది. డబ్బా తెరవగానే వెనిగర్ వాసన. తరవాత ఫిల్ము కుంచించుకుపోతుంది, పెళుసెక్కుతుంది, బొమ్మను మోసే జెలటిన్ పొర ముడతలు పడి ఊడివస్తుంది. ఆమ్లపు ఆవిరి పక్క రీళ్లకూ సోకుతుంది కనుక, వైద్యుడి కంటికి ఇది అంటువ్యాధే. చికిత్స లేదు, చలి, పొడిదనం, రోగిని వేరుగా ఉంచడం, అంతే.

రోచెస్టర్‌లోని ఇమేజ్ పర్మనెన్స్ ఇన్‌స్టిట్యూట్ లెక్క ప్రకారం 21 డిగ్రీల సెల్సియస్, 50 శాతం తేమ దగ్గర కొత్త ఎసిటేట్ ఫిల్ముకు ఈ జబ్బు మొదలవడానికి సుమారు 40 ఏళ్లు పడుతుంది. ఎయిర్‌కండిషనర్ లేని కోస్తా పట్టణపు గదిలో ఆ గడువు ఎంత కుదించుకుపోతుందో ఊహించవచ్చు. అదే సంస్థ తయారుచేసిన కాగితపు పట్టీని డబ్బాలో ఉంచితే, ఆమ్లం పెరిగేకొద్దీ నీలం నుంచి ఆకుపచ్చకు, పసుపుకు మారుతుంది. మూత్రపరీక్ష పట్టీలాంటిదే, ఖర్చూ స్వల్పమే.

రెండో జబ్బు వెండిది. 1960ల తొలినాళ్లలో అమెరికన్ గ్రంథాలయాల నెగటివ్‌లమీద ఎర్రటి చిన్న మచ్చలు కనిపించాయి. అట్టపెట్టెల నుంచి వెలువడే పెరాక్సైడులు బొమ్మలోని వెండిని ఆక్సీకరిస్తున్నాయని తేలింది. అంటే, భద్రం కోసం కొన్న పెట్టే హాని చేసింది. 1980లనుంచి పాలియెస్టర్ ఫిల్ము వాడుక స్థిరపడింది. సరిగా కడిగి, సరైన చోట ఉంచితే దాని ఆయువు 500 ఏళ్లని అంచనా. కడగడంలో హైపో మిగిలిపోతే ఆ అంచనా చెల్లదు.

మనకు సంబంధించిన సంగతి ఇది. షికాగో కేంద్రంగా నడిచే సౌత్ ఏషియా మైక్రోఫార్మ్ ప్రాజెక్ట్, లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వారి ఢిల్లీ కార్యాలయం మన పత్రికలనూ పుస్తకాలనూ ఫిల్ముకెక్కించాయి. 1901-1953 మధ్య వెలువడిన తెలుగు పుస్తకాలూ వాటిలో ఉన్నాయి. పులుపెక్కిన న్యూస్‌ప్రింట్ పొడిగా రాలిపోయిన చోట మిగిలే సాక్ష్యం ఫిల్మొక్కటే. అందుకే అసలు నెగటివ్‌ను ఎవరి చేతికీ ఇవ్వకుండా ఒక ఊళ్లో, ప్రతులు తీసేందుకు రెండోదాన్ని ఇంకోచోట, పాఠకులకు మూడోదాన్ని ఉంచడం ఆనవాయితీ. మూడూ ఒకే బీరువాలో ఉంటే, ఉన్నది ఒక్కటే అనుకోవాలి.

ఇప్పుడు స్కానింగ్ ఊపందుకుంది. అయితే పేరున్న పత్రికతో కాక, వాసన వేస్తున్న రీలుతో మొదలుపెట్టాలని నా అభిప్రాయం. కుంచించుకుపోయిన ఫిల్ము స్కానర్ చక్రాలకు ఎక్కదు. ఆ రీలుకు మిగిలిన గడువు అప్పటిదాకానే.