నీటిపై కాపురము: ఫ్రాన్సు కాలువలును మన గోదావరియును



మర్పల్లి చుట్టుపట్ల పల్లెలలో నావ కంటబడుట యరుదు. అనంతగిరి కొండలలో బుట్టిన మూసీనది మన సీమను విడుచునప్పటికి వాగుకంటె పెద్దది కాదు. తాండూరు ప్రక్కనున్న కాగ్నానది వేసవిలో ఇసుకమేటయై పోవును. ఇట్టి మెట్టనేలవారికి పడవల ప్రసంగ మేల యని మీ రడుగవచ్చును. అందుకు రెండు కారణములు గలవు. మన మూసీనీరు వాడపల్లియొద్ద కృష్ణలో గలియును. ఆ చెంతనున్న వజీరాబాదు మొదలుకొని విజయవాడవరకుగల కృష్ణను భారతప్రభుత్వము 2008లో జాతీయజలమార్గములలో జేర్చినది. ఇది మొదటి కారణము. మన బిడ్డలు నేడు సెలవుదినములలో కుటుంబసమేతముగా నదీవిహారములకు బోవుచున్నారు. ఇది రెండవది. కావున నీటిపై మనుష్యు డెట్లు ప్రయాణము చేసెనో, ఆ మార్గము లేల బ్రతికెనో, యేల చచ్చెనో తెలిసికొనుట మనకు నక్కరయే.

ఫ్రాన్సుదేశమున వేసవిసెలవులు రాగానే అనేక కుటుంబములు వారమునకో పక్షమునకో ఒక పడవను బాడుగకు గైకొందురు. అది వట్టి పడవ గాదు. నీటిపై దేలు ఇల్లు. అందు పొయ్యియు, పడకలును, స్నానపుగదియు నుండును. నడుపుటకు వేరే సరంగు ఉండడు. తండ్రి చుక్కాని బట్టును, తల్లి దారి చూచును, పిల్లలు త్రాళ్లను విసరి గట్టునకు గట్టుదురు. ఇట్టి బాడుగ పడవ నడుపువారికి ప్రభుత్వపరీక్ష లేదు. పడవ యజమాని మొదటిదినమున నడుపువిధము నేర్పి అనుమతిచీటి నిచ్చును. మిడికాలువపై గంటకు ఎనిమిది కిలోమీటర్లకు మించి పోరాదు. మన బండ్లబాటపై వడిగా నడచువానికంటె నించుక హెచ్చు వేగ మంతియే.

ఈ మిడికాలువ చరిత్ర వినదగినది. పియేరుపాల్ రికే యనునతడు ఉప్పుపన్ను వసూలుచేయు గుత్తదారు. తన దేశమున పడమటి సముద్రమునకును మధ్యధరా సముద్రమునకును నడుమ నీటిబాట వేయవలెనని యతని సంకల్పము. పదునాలుగవ లూయీరాజు ఆజ్ఞతో 1666లో పని సాగెను. తులూజు పట్టణమునుండి సముద్రతీరమువరకు దాదాపు 240 కిలోమీటర్ల కాలువ. కాలువ త్రవ్వుట కష్టమే. అంతకంటె కష్టము, నడుమనున్న మిట్టపై నీరు నిలుపుట. పల్లమునకు బారు నీటిని మిట్ట కెక్కించు టెట్లు? రికే నల్లకొండ యనబడు పర్వతమునుండి వాగుల నన్నిటిని మళ్లించి, సేంఫెరియోలు అనుచోట పెద్దకట్ట వేసి చెరువు నింపి, ఆ నీటిని మిట్టకు దెచ్చి రెండువైపులకు విడిచెను. ఎగువ చెరువునుండి దిగువ చెరువునకు నీరు దెచ్చిన మన పూర్వుల విద్యయే యిది; మనము పొలమునకు వాడితిమి, అతడు పడవకు వాడెను. రికే 1680లో మరణించెను. మరుసటియేట, అనగా 1681లో, కాలువ తెరువబడెను. తన నావ నడచుట నాత డెరుగడు.

మిట్టపల్లముల నావ దాటుటకు లాకు లుండును. లాకనగా ముందువెనుకల తలుపులుగల నీటిగది. పడవ లోనికి బోగానే వెనుకతలుపు మూసి, ఎగువనీరు విడుతురు. గదిలో నీరు పెరిగినకొలది పడవయు పైకిలేచును. సమమైనపిమ్మట ముందుతలుపు తెరతురు. దిగునప్పు డిందుకు మారుగా జేయుదురు. గోదావరీ కృష్ణామండలములవారు ఈ లాకుల నెరుగుదురు.

మిడికాలువకు చావు రైలురూపమున వచ్చినది. 1858లో కాలువను రైలుకంపెనీకే నలువదేండ్ల కౌలు కిచ్చిరి. పోటీదారునిచేతికే తాళపుచెవు లిచ్చినట్లాయెను. సరకు రైలెక్కెను, కాలువ క్షీణించెను. కౌలు తీరినపిమ్మట ప్రభుత్వము కాలువను స్వాధీనపరచుకొని లాకులను బాగుచేయించెను. ఇరువదవశతాబ్ది కడపటిభాగమున సరకుపడవలు పూర్తిగా నశించినను, కాలువ పాడుపడలేదు. విహారకుటుంబముల పడవలు దానిని బ్రతికించెను. 1996లో ఐక్యరాజ్యసమితి విద్యావిజ్ఞానసంస్కృతిసంస్థ దానిని ప్రపంచవారసత్వముగా బ్రకటించెను. అట్లే ఫ్రాన్సులోని లో అను నదిని 1926లో నౌకామార్గముల పట్టికనుండి తొలగించిరి. అరువదేండ్లు దాటినపిమ్మట, 1990లో, అరువదినాలుగు కిలోమీటర్లమేర లాకులను మరల గట్టి విహారనౌకలకు దెరచిరి. చచ్చిన నీటిదారిని బ్రతికింపవచ్చు ననుటకు ఇది నిదర్శనము.

ఇక మనదేశమునకు వత్తము. ఆర్థరు కాటనుదొర 1847 మొదలు 1852 వరకు ధవళేశ్వరమున ఆనకట్ట గట్టించినది పొలములకని మన మెరుగుదుము. ఆ కాలువలను పడవలకును దగినట్లు లాకులతో నిర్మించెనని పలువు రెరుగరు. రైలుకంటె నీటిబాటయే బీదవాని బండి యని యాతని వాదము. తమిళసీమనుండి మన తీరమునకు వచ్చు బకింగుహాము కాలువ 1806లో బేసిల్ కాక్రేనుదొర త్రవ్వించిన చిన్నకాలువతో మొదలై, 1876-78 నాటి ఘోరక్షామమున ఆకటిజనమునకు గూలియిచ్చి సాగింపబడెను. అది పెదగంజామునొద్ద కొమ్మమూరు కాలువను గలియును. ఆ కాలువ కృష్ణను, కృష్ణ ఏలూరికాలువ ద్వారా గోదావరిని గలియును. కాకినాడలో నెక్కిన వడ్లబస్తా నేల దిగకయే చెన్నపట్టణము చేరగలిగెడిది. మనుష్యులును అట్లే. డెల్టాకాలువలపై రాత్రిపడవ లెక్కి, కూలీలు గట్టున త్రాడు లాగుచుండగా, తెల్లవారునప్పటికి ఊరు చేరువారు. ఫ్రాన్సువారు సెలవునకై చేయుదానిని మనవారు పనికై చేసిరి.

గోదావరియెగువకు నిజాముసీమ యంచుమీదుగా నాగపురప్రాంతమువరకు నావలు నడుపవలెనని కాటను తలపోసెను. అందుకై దుమ్మగూడెమునొద్ద ఆనకట్టయు, లాకులును గట్టిరి. కాని వేసవిలో నీరుచాలదు, వర్షములలో వరద యెక్కువ, వ్యయము మితిమీరినది. 1871లో ప్రభుత్వము ఆ పని మానుకొనెను. మూడేండ్లలో, 1874లో, వాడినుండి సికింద్రాబాదునకు రైలు మన వికారాబాదుమీదుగా వచ్చెను. 1899లో విజయవాడకును మదరాసునకును రైలుసంధి యేర్పడెను. 1900లో రాజమహేంద్రవరమున గోదావరిపై రైలువంతెన తెరవబడెను. నావలకు కాలము మూడెను. భేద మొక్కటి. ఫ్రాన్సున సరకు పోయినను లాకుతలుపులు నిలిచెను. మనకడ సరకు పోగానే తలుపులు తుప్పుపట్టెను, బకింగుహాము కాలువలో పూడిక నిండెను, కొన్నిచోట్ల మురుగు చేరెను.

ఐనను గోదావరిలో నొక నావాయాత్ర నిలిచినది. అది పాపికొండల నడుమ సాగు ప్రయాణము. శ్రీరామనవమికి రాజమహేంద్రవరమునుండి భద్రాచలమునకు కుటుంబములు లాంచీలలో బోవుచుండెడివి. లాంచీపై వంటయు, నిద్రయు, భజనయు. 1973నాటి అందాలరాముడు చలనచిత్రము ఆ ప్రయాణమునే కథగా గైకొన్నది. ఇప్పుడు యాత్రికులకంటె విహారులు మిక్కిలి. గట్టుమీది గిరిజనపల్లెలను జూచి ఆనందించుచున్నారు. పోలవరము జలాశయమువలన ముంపునకు గురియగు జనావాసములు మూడువందలకు మించినవి. విహారికి చిత్రముగా దోచిన గుడిసె, అందలి వానికి విడువవలసిన జన్మభూమి. ఈ సంగతి మరువరాదు.

మరియొక దుఃఖము చెప్పక తప్పదు. 2019 సెప్టెంబరు 15న పాపికొండలకు బయలుదేరిన నావ కచ్చులూరునొద్ద వరదగోదావరిలో మునిగెను. డెబ్బదిమందికి పైగా ఎక్కిన యా నావలో ఇరువదియారుగురే బ్రతికి బయటపడిరి. మృతులలో హైదరాబాదు, వరంగల్లు ప్రాంతముల కుటుంబములవా రనేకులు. మన మెట్టసీమవారే. ధర్మాడి సత్యముగారి బృందము అక్టోబరు 22న నావను వెలికిదీసెను. నది తప్పు చేయలేదు. వరదకాలమున నది వరదగానే యుండును. ఆ వేళ నావను విడిచినది మనుష్యుడు.

ఈ చరిత్ర మనకు దెలుపున దేమి? నీటిబాట ప్రకృతి యిచ్చినది గాదు. మనుష్యుడు దినదినము కాచుకొనవలసినది. లాకునకు కాపరి, నావకు పరీక్షాధికారి, వరదకు హెచ్చరించువాడు లేనిచో సుందరదృశ్యము మృత్యుద్వారమగును. జలమార్గములను బ్రకటించుట సులభము, కాపరుల నుంచుట కష్టము. మనకు సమీపముననే కోటిపల్లి జలాశయమున యువకులు చిన్నపడవలు నడుపుచున్నారు. సంతోషమే. పోవువారిని వలదనకుడు. కాని రక్షణకవచము వేసికొన్న పిమ్మటనే అడుగు పెట్టవలెననియు, నీరు పొంగినదినమున పైక మిచ్చితిమను మొగమాటమున నావ నెక్కరాదనియు చెప్పుడు. ఇంటికి బెద్ద చెప్పిన మాట వరదకు అడ్డుకట్ట గాకపోయినను, బిడ్డకు గట్టు కావచ్చును.