సెంట్రియోల్ ద్విగుణీకరణ: పి.ఎల్.కె.4 ప్రోటీన్ చరిత్ర

కణచక్రంలో డి.ఎన్.ఏ. ఒక్కసారే రెట్టింపవుతుందని వెనుకటి పాఠంలో చదివారు. అదే నియమాన్ని పాటించే మరో నిర్మాణం సెంట్రియోల్. విభజనకు ముందు కణంలోని రెండు సెంట్రియోళ్ళలో ఒక్కొక్క దాని పక్కన ఒక్కటి మాత్రమే కొత్తది ఏర్పడాలి. ఎక్కువ ఏర్పడితే ఏమవుతుందన్న ప్రశ్నకు వందేళ్ళ చరిత్ర ఉంది.

సెంట్రోసోమ్ అనే పేరు పెట్టిన జర్మన్ శాస్త్రవేత్త థియొడర్ బొవెరి, రెండు శుక్రకణాలు ప్రవేశించిన సముద్రపు అర్చిన్ అండాలను పరిశీలించాడు. వాటిలో కండెకు రెండు ధ్రువాలకు బదులు మూడు, నాలుగు ధ్రువాలు వచ్చాయి. క్రోమోసోములు ఎటు పడితే అటు చేరాయి. పిండాల్లో చాలా భాగం చెడిపోయాయి. ఇటువంటి తప్పు పంపకమే కాన్సర్‌కు మూలం కావచ్చునని 1914లో ఒక గ్రంథంలో వాదించాడు. మరుసటి సంవత్సరమే మరణించాడు. దాన్ని ఋజువు చేసే సాధనాలు ఆనాడు లేవు.

1950లలో ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని సెంట్రియోల్ ఆకారాన్ని చూపింది: వలయంలో అమరిన తొమ్మిది సూక్ష్మనాళికా త్రికాలు. కాని దాని సంఖ్యను అదుపుచేసేది ఏమిటో తెలియలేదు.

జవాబు మూడు జంతువుల నుంచి వచ్చింది. 1994లో ఎలుకలో 'సాక్' అనే కైనేజ్ ఎంజైమ్‌ను గుర్తించారు. 2001లో ఒక సన్నని నులిపురుగులో జిగ్-1 కైనేజ్ లేనిదే కొత్త సెంట్రియోల్ పుట్టదని తేలింది. 2005లో ఎరిక్ నిగ్ బృందం మానవ కణాల్లోను, డేవిడ్ గ్లోవర్ బృందం డ్రోసోఫిలా ఈగలోను సాక్‌కు, అంటే పి.ఎల్.కె.4కు, ఇదే పని ఉందని చూపాయి. (పోలో ఆటకూ ఈ 'పోలో కైనేజ్'కూ సంబంధం లేదు, అది ఈగ జన్యువు పేరు.) 2007లో ఈ ప్రోటీన్‌ను మోతాదుకు మించి తయారు చేయించగా ఒకే తల్లి సెంట్రియోల్ చుట్టూ అనేక పిల్లలు పూరేకుల్లా మొలిచాయి.

అంటే దాని మోతాదే కీలకం. ఆ మోతాదును కణం అదుపుచేసే తీరును విద్యార్థులు శ్రద్ధగా గమనించాలి. పి.ఎల్.కె.4 అణువులు ఒకదానిపై ఒకటి ఫాస్ఫేట్‌ను చేర్చుకుంటాయి. ఆ ఫాస్ఫేట్‌ను గుర్తుపట్టిన మరో ఎంజైమ్ సముదాయం యుబిక్విటిన్‌ను తగిలిస్తుంది. అప్పుడు ప్రోటియాసోమ్ ఆ ప్రోటీన్‌ను ఛేదిస్తుంది. చురుకుగా పనిచేయడమే దాని నాశనానికి కారణమన్న మాట.

మరి బొవెరి ఊహ? పి.ఎల్.కె.4ను పెంచిన కొన్ని ఎలుకల్లో కణితులు రాలేదు. 2017లో మాత్రం, దాన్ని కొద్దిగా పెంచిన ఎలుకల్లో కణితులు వాటంతటవే ఏర్పడ్డాయి.