పోలీసు ఉద్యోగాల ఎంపిక – మత్తు పదార్థాల గతం

పోలీసు ఉద్యోగానికి దరఖాస్తు పెట్టే యువకుడు గతంలో గంజాయి వంటి మత్తు పదార్థం వాడినా, దగ్గర ఉంచుకున్నా, రవాణాలో చేయి కలిపినా ఆ గతాన్ని ఎంపికలో ఎలా చూస్తారన్నది ఈ వ్యాస విషయం. మన రాష్ట్రాల్లో నియామక ప్రక్రియ ప్రధానంగా ఆరా తీసేది అభ్యర్థిపై కేసు ఉందా అని. ఉంటే అది ఏ సెక్షన్ కింద, ఎంత పరిమాణానికి, ఎలా ముగిసింది, ఆ సంగతి అభ్యర్థి తన చేత్తో రాసిచ్చాడా దాచాడా అన్న ప్రశ్నలు వరసగా వస్తాయి. వీటిలో చివరి ప్రశ్న దగ్గరే ఎక్కువ మంది దెబ్బతింటారు.

తల్లాడ దారి

ఖమ్మం జిల్లా మండల కేంద్రమైన తల్లాడకు ఈ విషయంతో సంబంధం రోడ్ల వల్ల వచ్చింది. ఖమ్మం నుంచి వైరా మీదుగా వచ్చే రోడ్డు ఇక్కడ చీలుతుంది. ఒక దారి కల్లూరు, సత్తుపల్లి, అశ్వారావుపేట దాటి గోదావరి జిల్లాలకు పోతుంది. రెండోది ఏన్కూరు, జూలూరుపాడు మీదుగా కొత్తగూడెం చేరి, అక్కణ్నుంచి పాల్వంచ, భద్రాచలం వైపు అడవిలోకి సాగుతుంది. ఆంధ్ర–ఒడిశా సరిహద్దు కొండల్లో, అంటే సీలేరు, చింతపల్లి, మల్కనగిరి ప్రాంతాల్లో, పండే గంజాయి హైదరాబాద్‌కూ మహారాష్ట్రకూ చేరే మార్గాల్లో భద్రాచలం వంతెన ముఖ్యమైనది. 2014లో చింతూరు, కూనవరం, వి.ఆర్.పురం మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాక రాష్ట్ర సరిహద్దు భద్రాచలం పట్టణం అంచుకే వచ్చింది. దాంతో తనిఖీలూ అక్కడే ఎక్కువ. ఆ కొండల్లో సాగు ఏ స్థాయిలో ఉండేదో చెప్పడానికి ఒక్క లెక్క చాలు: 2022 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ పోలీసులు అనకాపల్లి దగ్గర సుమారు 2 లక్షల కిలోల గంజాయిని ఒకేసారి తగలబెట్టారు.

ఈ దారి పక్క ఊళ్లలోని కుర్రాళ్లకు గంజాయి రెండు రూపాల్లో ఎదురవుతుంది. ఒకటి, స్నేహితుల మధ్య చేతులు మారే చిన్న పొట్లం. రెండోది అంతకంటే ప్రమాదకరమైనది. సరుకున్న కారుకు ముందు బైకు మీద వెళ్లి, చెకింగ్ ఎక్కడుందో ఫోన్లో చెబితే కొంత డబ్బు ముట్టజెబుతారు. దీన్ని పైలట్‌గా పోవడం అంటారు. సరుకు తాను ముట్టుకోలేదు కాబట్టి తనకేం కాదని ఆ కుర్రాడు నమ్ముతాడు. చట్టం మరోలా చెబుతుంది. మత్తు పదార్థాల నేరాలకు సంబంధించిన ఎన్‌డీపీఎస్ చట్టం 29వ సెక్షన్ ప్రకారం నేరానికి సాయపడినా, కుట్రలో భాగమైనా ఆ నేరానికి ఉన్న శిక్షే వర్తిస్తుంది.

చట్టంలోని మెట్లు

1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం గంజాయిని పరిమాణాన్ని బట్టి చూస్తుంది. కిలో కంటే తక్కువైతే చిన్న పరిమాణం; ఏడాది వరకు కఠిన కారాగారం, లేదా 10 వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. 20 కిలోలు మించితే వాణిజ్య పరిమాణం. కనీస శిక్షే పదేళ్లు. నడుమ ఉన్నదానికి పదేళ్ల వరకు పడవచ్చు. గంజాయి తాగినందుకు మాత్రమే పెట్టే కేసు 27వ సెక్షన్ కిందికి వస్తుంది. ఆరు నెలల వరకు జైలు, లేదా 10 వేల వరకు జరిమానా, లేదా రెండూ.

కానిస్టేబుల్ కావాలనుకునే కుర్రాడికి అన్నిటికన్నా తెలియాల్సింది ఈ చివరి సెక్షన్ సంగతి. కోర్టు చుట్టూ తిరగలేక, తప్పు ఒప్పేసుకుని జరిమానా కట్టి, కేసు అయిపోయిందనుకుని ఇంటికి వచ్చేవాళ్లు ఉంటారు. కేసు అయిపోయిన మాట నిజమే. అయితే అది శిక్ష పడిన కేసుగా అయిపోయింది. కట్టింది జరిమానాయే అయినా రికార్డులో దోషిగా తేలినట్టే ఉంటుంది. నేరం ఒప్పుకునే ముందు ఈ ముక్కను ఆ పిల్లవాడికి విడమరచి చెప్పే మనిషి పక్కన ఉండటం ఎంతో అవసరం. తొలిసారి పట్టుబడ్డ యువకుడి తరఫున వకీలు ప్రొబేషన్ కోరే వీలు ఉంది. ఈ చట్టం కింది చాలా నేరాలకు ప్రొబేషన్ ఇవ్వరు గానీ, 27వ సెక్షన్‌కు 33వ సెక్షన్ ఆ తలుపు తెరిచే ఉంచింది. ప్రొబేషన్ దొరికితే శిక్షతో పాటు అంటుకునే అనర్హత తొలగుతుంది. అప్పుడు కూడా ఆ ప్రవర్తనను నియామక అధికారి లెక్కలోకి తీసుకోవచ్చు.

ఫారం, ఎంక్వైరీ

తెలంగాణలో కానిస్టేబుల్, ఎస్‌ఐ ఎంపికలు రాష్ట్ర స్థాయి పోలీసు నియామక మండలి చేతిలో ఉంటాయి. 2022 ఏప్రిల్ నోటిఫికేషన్ల ఎంపికలో ప్రిలిమ్స్, ఈవెంట్లు, తుది రాతపరీక్ష వరసగా జరిగాయి. ఎక్సైజ్ కానిస్టేబుళ్లను కూడా అప్పుడు ఇదే మండలి ఎంపిక చేసింది. మైదానంలో తెల్లవారుజామున 1600 మీటర్లు ఉరికి ఉరికి, కటాఫ్ దాటి, జాబితాలో పేరు చూసుకున్నాక అభ్యర్థి చేతికి అటెస్టేషన్ ఫారం వస్తుంది.

చదువు, చిరునామాల గళ్లు దాటాక ఆ ఫారంలో అసలు గడి ఉంటుంది. కేంద్ర బలగాలు వాడే నమూనాలో అది ఒకే ప్రశ్నగా ఉండదు: ఎప్పుడైనా అరెస్టయ్యారా, ప్రాసిక్యూషన్ ఎదుర్కొన్నారా, నిర్బంధంలో ఉన్నారా, జరిమానా పడిందా, దోషిగా తేలారా, ఏ కోర్టులోనైనా కేసు పెండింగులో ఉందా అని విడివిడిగా అడుగుతుంది. కేసు కొట్టేశారు కదా అని అన్నిటికీ కలిపి ‘లేదు’ అని రాసేవాడు అక్కడే ఇరుక్కుంటాడు. కేసు కొట్టేసినా అరెస్టు జరిగినట్టే, ప్రాసిక్యూషన్ నడిచినట్టే. తప్పుడు సమాచారం ఇస్తే అనర్హులవుతారన్న హెచ్చరిక కూడా ఆ ఫారంలోనే ఉంటుంది.

తర్వాత స్పెషల్ బ్రాంచి ఎంక్వైరీ. సొంత ఊరి స్టేషన్ రికార్డు చూస్తారు, ఊళ్లో మంచిచెడ్డలు అడుగుతారు. ఇప్పుడు దేశంలోని స్టేషన్లను కలిపే సీసీటీఎన్‌ఎస్ కంప్యూటర్ వ్యవస్థ ఉంది. తల్లాడ కుర్రాడిపై హైదరాబాద్‌లో నమోదైన ఎఫ్‌ఐఆర్ ఊళ్లో ఎవరికీ తెలియకపోవచ్చు గానీ ఈ రికార్డు నుంచి తప్పించుకోవడం కష్టం.

పోలీసు శాఖ ఇంత గట్టిగా చూడటానికి బలమైన కారణమే ఉంది. పట్టుకున్న గంజాయిని తూచేది, శాంపిళ్లు తీసేటప్పుడు పక్కనుండేది, స్టేషన్‌లో కాపలా కాసేది, ఏళ్ల తర్వాత బోనెక్కి సాక్ష్యం చెప్పేది కానిస్టేబులే. అతని మాట మీద ఒక మనిషికి పదేళ్ల జైలు పడవచ్చు. అలాంటి మాటకు తడబాటు లేని గతం కావాలని శాఖ కోరుకోవడం న్యాయమే. ఒక్క పొట్లంతో 19 ఏళ్లకు దొరికిన పిల్లవాడినీ, సరుకు తోలినవాడినీ ఒకే గాటన కట్టడం మాత్రం న్యాయం కాదు. కోర్టులు కూడా ఈ రెండిటి నడుమే దారి వెతుకుతూ వచ్చాయి.

న్యాయస్థానాల తీర్పులు

తెలుగు నేల నుంచి వెళ్లిన ఒక కేసు ఇక్కడ ముఖ్యం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కానిస్టేబుల్‌గా ఎంపికైన ఒక అభ్యర్థి తనపై పెండింగులో ఉన్న కేసును ఫారంలో రాయలేదని ప్రభుత్వం అతన్ని వద్దంది. 2005 తీర్పులో సుప్రీంకోర్టు అభ్యర్థి వైపు నిలిచింది. ఆ ఫారంలోని గడి శిక్ష పడిందా అని మాత్రమే అడిగింది, పెండింగు కేసు గురించి అడగలేదు కాబట్టి అతను దాచినట్టు కాదన్నది.

2011లో ఢిల్లీ హెడ్ కానిస్టేబుల్ అభ్యర్థి విషయంలో సుప్రీంకోర్టు, పడుచుతనపు పొరపాట్లను క్షమించే దృష్టి ఉండాలని చెప్పింది. 2013లో అదే ఢిల్లీ పోలీసు శాఖకు చెందిన మరో వ్యాజ్యంలో స్వరం మారింది. కేసు కొట్టేసినంత మాత్రాన ఉద్యోగం హక్కు కాదని, అది మచ్చ లేని నిర్దోషిత్వమా, రాజీ వల్లో సాక్షులు ఎదురుతిరగడం వల్లో వచ్చిందా అని శాఖ చూడవచ్చని తేల్చింది.

ఇలా రెండు వైపులా తీర్పులు పెరగడంతో 2016 జూలై 21న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం అవతార్ సింగ్ కేసులో మార్గదర్శకాలు ఇచ్చింది. అభ్యర్థి ఇచ్చే సమాచారం నిజమై ఉండాలి. చిన్న వయసులో జరిగిన అల్ప నేరమైతే, దాన్ని దాచినా కూడా అధికారి తన విచక్షణతో మన్నించవచ్చు. నేరం తీవ్రమైనదైతే నియామకం రద్దు చేయవచ్చు. నిజం రాసినా ఉద్యోగం ఇచ్చి తీరాలన్న నిర్బంధం లేదు. ఫారంలో ప్రశ్న స్పష్టంగా ఉండాలి, అడగనిదాన్ని దాచాడని అనకూడదు. దాచాడని తేల్చాలంటే ఆ కేసు సంగతి అతనికి తెలిసి ఉండాలి. ఈ చివరి మాట గంజాయి కేసుల్లో చాలా విలువైనది. పట్టుబడ్డవాడు చెప్పిన పేరుతో మరొకరిని పరారీలో ఉన్న నిందితుడిగా చేర్చితే, ఆ సంగతి అతనికి చేరకుండానే ఏడాది గడిచిపోవచ్చు.

పద్దెనిమిది నిండకముందు జరిగినవాటికి దారి వేరు. 2015 నాటి బాలల న్యాయ చట్టం 24వ సెక్షన్ ఆ వయసు నాటి తప్పును జీవితాంతపు అనర్హతగా మారనివ్వదు. 16 దాటి, ఘోర నేరంలో పెద్దవారిగా విచారణ ఎదుర్కొన్నవారికి మాత్రం ఈ రక్షణ వర్తించదు.

ఇతర చోట్ల

పంజాబ్ ప్రభుత్వం 2018 జూలైలో పోలీసులతో సహా ప్రభుత్వ ఉద్యోగులకు నియామక దశ నుంచే డోప్ పరీక్ష ఉండాలని ఆదేశించింది. అమెరికాలో ఎఫ్‌బీఐ నేరుగా వాడకం గురించే అడుగుతుంది. 2021లో మార్చిన నిబంధన ప్రకారం దరఖాస్తుకు ముందు ఏడాదిలో గంజాయి వాడి ఉండకూడదు, అంతకుముందు ఈ గడువు మూడేళ్లు. ఇతర నిషిద్ధ మత్తు పదార్థాలకు గడువు పదేళ్లు. అక్కడ పాలిగ్రాఫ్ పరీక్ష కూడా ఉంటుంది. మన దేశంలో దర్యాప్తుల విషయంలో, మనిషి ఒప్పుకోకుండా ఆ పరీక్ష చేయరాదని 2010లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది.

చికిత్స, పునఃపరిశీలన

అలవాటు పడ్డవాడు చికిత్సకు వెళ్తే పేరు రికార్డుకెక్కి ఉద్యోగం పోతుందన్న భయానికి చట్టంలో ఆధారం లేదు. ఎన్‌డీపీఎస్ చట్టం 64ఎ సెక్షన్ దానికి విరుద్ధంగా ఉంది. వాడకం కేసో చిన్న పరిమాణం కేసో ఉన్న వ్యసనపరుడు తనంతట తాను గుర్తింపు పొందిన కేంద్రంలో చికిత్సకు చేరి పూర్తి చేస్తే ప్రాసిక్యూషన్ నుంచి మినహాయింపు ఉంటుంది. మధ్యలో మానేస్తే అది రద్దు కావచ్చు. కేంద్ర సామాజిక న్యాయ మంత్రిత్వ శాఖ హెల్ప్‌లైన్ 14446కు ఫోన్ చేసి సలహా అడిగినంత మాత్రాన అది కేసు కాదు, అటెస్టేషన్ ఫారంలో రాయాల్సిన సంగతి అంతకన్నా కాదు.

ఎంపిక రద్దయిన అభ్యర్థి 226వ అధికరణం కింద హైకోర్టుకు వెళ్లవచ్చు. అధికారి వయసు, నేర స్వభావం, కేసు ముగిసిన తీరు చూడకుండా యాంత్రికంగా తిరస్కరించాడని తేలితే, కోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసి మళ్లీ పరిశీలించమని శాఖకే పంపవచ్చు. ఆ పరిశీలనలో అభ్యర్థి పక్కన నిలిచేవి రెండు కాగితాలు: తీర్పు నకలు, అతను పూరించి ఇచ్చిన అటెస్టేషన్ ఫారం.